పిన్ని మాట మీద తెరిచే తలుపు

ముందే చెబుతున్నాను, ఇది తీరిగ్గా కూర్చుని తలుచుకునే జ్ఞాపకం కాదు. ఏడాదిన్నర అయింది, ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరి మీద అని అడిగితే పెద్ద జాబితాయే ఉంది, అందులో నేనూ ఉన్నాను.

నేను బస్సు కండక్టర్‌ని. నెలలో మొదటి ఆదివారం కళాకారుల ఊరికి ఒక స్పెషల్ బస్సు వేస్తారు. ఆ డ్యూటీ నేనే అడిగి వేయించుకునేదాన్ని, ఎందుకంటే మా పిన్ని ఉండేది అక్కడే. పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే పదకొండుకి చేరతాం, సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణం. ఎక్కేవాళ్ళంతా కళ కోసం వస్తున్నామనే అనుకుంటారు. దిగగానే ముందు అడిగేది మరుగుదొడ్డి ఎక్కడని, తర్వాత ఫోటోలు ఎక్కడ బాగా వస్తాయని.

పేరుమోసిన పాత ఊరు అది. మూడు వందల ఏళ్ళ నాటి రాతి ఇళ్ళు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవలసినంత సన్నటి వీధులు, రెండు గుమ్మాలకొకటి చొప్పున బొమ్మలు అమ్మే గదులు. ఇంటి ముందు ఉతికిన బట్టలు ఆరేయకూడదని అక్కడ ఒక నిబంధన. ఫోటోల్లో బాగుండదట. ఊళ్ళో మనుషులు కూడా ఉన్నారని తెలిసిపోతే చూడవచ్చినవాళ్ళకి కష్టంగా ఉంటుంది కాబోలు.

ఆ ఊరికి ఆ పేరు తెచ్చింది కొండవాలులో ఉన్న ఒక కట్టెల బట్టీ. తొమ్మిది మంది కుండల కళాకారులు ఏడాదికి ఆరుసార్లు అందులోనే తమ పాత్రలు కాలుస్తారు. పాత్రల అడుగున వాళ్ళ పేర్లుంటాయి. కాల్చేది మాత్రం మా పిన్ని. రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఆగకుండా కట్టెలు వేసి, మంట రంగు చూసి, పొగ వాసన చూసి నడిపేది. ఎడమ కనుబొమ్మ ఎప్పుడో కాలిపోయింది, మళ్ళీ మొలవలేదు. "సగం ఆశ్చర్యపోయినట్టుంటావు పిన్నీ" అని నేను ఏడిపిస్తే, "మిగతా సగం నిన్ను చూసినప్పుడు ఆశ్చర్యపోతానే" అనేది.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ బట్టీ దగ్గర కట్టెలు కొట్టే కూలికి చేరింది. అప్పట్లో బట్టీ చూసుకునే ముసలాయన నోరు విప్పి ఏదీ నేర్పేవాడు కాదు. తప్పు చేస్తే మాత్రం చేతిలో కట్టె కింద పడేసి వెళ్ళిపోయేవాడు. ఆ కట్టె ఎందుకు పడిందో ఆలోచించుకుంటూ ఎనిమిదేళ్ళలో పని మొత్తం నేర్చుకుంది. ఆయన పోయాక ముప్పై నాలుగేళ్ళు బట్టీ ఆవిడ చేతి కిందే ఉంది. పెళ్ళి చేసుకున్న మనిషి, ఒంటి మీద పొగ వాసన భరించలేనని ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయాడు. పిన్ని ఆ విషయం పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. అమ్మ మంచాన పడ్డప్పుడు, నా ఏడో ఏటి నుంచి పదకొండో ఏడు వచ్చేదాకా నన్ను పెంచింది ఆవిడే, ఆ బట్టీ పక్కనున్న ఒంటి గదిలో.

ఆ బట్టీకి ఒక పద్ధతి ఉంది. అదే ఈ గొడవకంతా మూలం కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. పాత్రలు లోపల పేర్చాక తలుపు ఇటుకలతో మూసి, సందుల్లో తడిమట్టి మెత్తుతారు. కాల్చడం అయ్యాక నాలుగు రోజులు దాని జోలికి పోకూడదు. లోపల వేడి తనంతట తను దిగాలి. తొందరపడి తెరిస్తే చల్లగాలి తగిలి పాత్రలు పగుళ్ళిస్తాయి. నాలుగు రోజులూ నిండాక పొద్దున పిన్ని వచ్చి మూడో వరస ఇటుక మీద అరచెయ్యి ఆనించి వంద లెక్కపెడుతుంది. ఒక్కో అంకెకి ఒక్కో ఊపిరి, నిదానంగా. వందదాకా చెయ్యి తీయకుండా ఉండగలిగితే "సరే" అంటుంది. లేకపోతే మర్నాడు మళ్ళీ చూస్తుంది. ఆవిడ సరే అనకుండా ఆ తలుపు మీద ఎవరూ చెయ్యి వేయరు. అధ్యక్షుడైనా అంతే, మంత్రి వచ్చినా అంతే. చిన్నప్పుడు నా చెయ్యి ఇటుక మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నాతో కూడా లెక్కపెట్టించేది. నేను బడిలో ఎక్కాలు చదివినట్టు గడగడా చదివేస్తే "నీ వందకి నా ఇరవై కాలేదే" అని నవ్వేది.

ఇక అధ్యక్షుడు. ఊరి కళాసంఘానికి ఆయనే పెద్ద. నీటిరంగులు వేస్తాడు. మట్టి ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఎండాకాలం, వానాకాలం ఒకటే టోపీ, అందుకని మా డ్రైవరూ నేనూ టోపీ సారు అనుకునేవాళ్ళం. మనిషి చెడ్డవాడని చెప్పలేను, అదే ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈయన అందరితో తియ్యగా మాట్లాడతాడు, ఏ మాటా చెవిన వేసుకోడు. పిన్ని గది గుమ్మం పక్కన ఆవిణ్ణి ఒక్క మాట అడగకుండా "అగ్నిసంరక్షకురాలి నివాసం" అని పలక కొట్టించాడు. అప్పటి నుంచీ వచ్చేవాళ్ళంతా లోపలికి తొంగిచూడ్డం మొదలుపెట్టారు. ఒకావిడైతే పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసింది. సంఘం నెలనెలా వేసే పుస్తకంలో పిన్ని ఫోటో కింద "నిప్పుల తల్లి" అని రాశారు. పిన్ని అది చదివించుకుని, "నాకు పిల్లలే లేరు కదే, తల్లినెప్పుడయ్యానూ" అంది. ఆవిడ నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు.

ఏడాదిన్నర కిందట ఒక నెల అదే పుస్తకంలో ఇంకో సంగతి అచ్చువేశారు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి సందర్శకుల సమక్షంలో బట్టీ తెరుస్తారని. పిన్ని నిప్పు ఆపింది గురువారం పొద్దున. నాలుగు రోజులంటే సోమవారం. ఆ మాటే టోపీ సారుతో చెబితే "అలాగే పెద్దమ్మా, చూద్దాం" అన్నాడట. ఆయన "చూద్దాం" అంటే ఏమిటో నాకు తెలుసు. పిన్నికి తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళుగా తన మాట దాటిన మనిషి లేడు కాబట్టి, సోమవారం అంటే సోమవారమే అని ధీమాగా ఉంది.

ఆదివారం నా బస్సు కిటకిటలాడింది. నలభై ఎనిమిది మంది, అందరి నోటా బట్టీ మాటే. రెండున్నరకి పిన్నికి కింది పెరట్లోకి కట్టెల లారీ వచ్చింది. ప్రతి దుంగనీ చేత్తో కొట్టి, చప్పుడు విని, పచ్చిగా ఉన్నది పక్కన పడేయడం ఆవిడ అలవాటు. లారీవాడు తొందరపెడుతున్నాడు. "నువ్వు పైన మీ జనాన్ని చూసుకో, నేను ఇది కానిచ్చి వస్తాను" అని నన్ను పంపింది.

పైన చూద్దును కదా, బట్టీ చుట్టూ వంద మంది, అంతా చూడవచ్చినవాళ్ళే. ఆ తొమ్మిది మంది కళాకారులూ, తెరిచేది ఎలాగూ సోమవారమేనని, తమ గదుల్లో అమ్మకాల్లో ఉన్నారు. ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. టోపీ సారు మొహంలో చెమట. మూడు దాటింది. నా ప్యాసింజర్లలో ఒకాయన, పొద్దున్నించీ సీటు బాగాలేదని సణుగుతున్నవాడు, "ఏమ్మా కండక్టరమ్మా, ఇంతదూరం తీసుకొచ్చింది మూసిన ఇటుకలు చూపించడానికా" అన్నాడు. నలుగురూ నవ్వారు. టోపీ సారు నా వైపు తిరిగాడు.

"మీరు పెద్దమ్మగారి అక్క కూతురే కదా. చిన్నప్పుడు ఇక్కడే పెరిగారట. చెయ్యి పెట్టి చూడ్డం మీకు వచ్చుగా?"

రాదని చెప్పొచ్చు. కింద పెరడు అరవై మెట్లు, దిగి పిలుచుకు రావొచ్చు. అవేమీ చేయలేదు. రోజూ మెట్టు మీద వేలాడుతూ "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని అరిచే నా వైపు అంతమంది ఒక్కసారిగా మర్యాదగా చూశారు. బుద్ధి గడ్డి తింది. ముందుకెళ్ళి మూడో వరస ఇటుక మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. లెక్కపెట్టాను. ఇరవై ఏళ్ళుగా నేను లెక్కపెట్టే తీరు ఒకటే, కదిలే బస్సులో తలకాయలు లెక్కపెట్టే తీరు. నిమిషంలోపే వంద అయిపోయింది. చెయ్యి కాలలేదు.

"తెరవొచ్చు" అన్నాను.

"ఇంటి మనిషే చెప్పింది" అని ఆయన గట్టిగా అందరికీ వినిపించి, మందపాటి చేతితొడుగులు వేసుకుని తనే మొదటి ఇటుక లాగాడు. పన్నెండు ఇటుకలు తీశాక లోపల్నించి చప్పుడు వచ్చింది. టింగ్ మని ఒకటి, తర్వాత రెండు, తర్వాత వరసగా. సన్నగా, తియ్యగా. "పాడుతున్నాయి, పాడుతున్నాయి" అంది ఒకావిడ. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడేమిటో అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్కో టింగుకీ ఒక్కో పాత్ర పగులుతోంది, వీళ్ళేమో రికార్డు చేసుకుంటున్నారు.

పిన్ని మెట్లెక్కి వచ్చింది. పరిగెత్తలేదు, అరవలేదు. చప్పుడు కిందిదాకా వినపడి ఉంటుంది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, తీసిన ఇటుకల్ని మళ్ళీ ఒక్కొక్కటే తలుపులో పెట్టడం మొదలుపెట్టింది. ఇటుకల లోపలి వైపు ఇంకా కాలుతోంది, ఆవిడవి వట్టి చేతులు. వెనక నుంచి ఎవడో "అమ్మా, ఒకసారి ఇటు తిరగండి" అన్నాడు, ఫోటో కోసం. వాడి ఫోను లాక్కుని వాగులో పడేయాల్సింది. నాలుగింటికి బండి తీయాలని వాణ్ణి ఎక్కించుకుని తీసుకుపోయాను నేను. దారి పొడుగునా వెనక సీట్లలో ఆ టింగుటింగులు ఫోన్లలో మోగుతూనే ఉన్నాయి.

మంగళవారం నాకు ఫోన్ వచ్చింది. చేసింది ఆ ఊళ్ళో పెద్ద జాడీలు తయారుచేసే ఒకామె, ముప్పై ఏళ్ళుంటాయి. మొదటిసారి తన పేరు మీద ప్రదర్శన పెట్టుకోబోతూ ఏడాది పాటు చేసిన పదకొండు జాడీలు ఆ విడతలో పెట్టింది. పదకొండూ పగిలాయి. మొత్తం నాలుగు వందల చిల్లర పాత్రల్లో నలభై మిగిలాయట.

"ఎందుకు తెరవనిచ్చావని మీ పిన్నిని గట్టిగానే అడిగానండీ" అంది. "నేనే తెరవమన్నాను, లెక్క తప్పాను అంది. వయసైపోయింది కదండీ, పాపం. శనివారం సంఘం మీటింగు పెట్టారు. ఇంక ఆవిణ్ణి మానిపిస్తారు."

"అప్పుడు అధ్యక్షుడుగారు ఎక్కడున్నారు?"

"పక్కనే ఉన్నారండీ. ఏమీ అనలేదు."

ఏమీ అనలేదు. పక్కనే నిలబడి, గడ్డం గోక్కుంటూ, ముసలావిడ తన తప్పు నెత్తిన వేసుకుంటుంటే విన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ రోజు డ్యూటీలో చిల్లర సరిపోని ప్రతివాడినీ కరిచినంత పని చేశాను. పిన్నికి ఫోన్ చేస్తే "నీ పని నువ్వు చూసుకో, ఇక్కడికి రాకు" అంది. నన్ను కాపాడ్డానికే అలా అందనుకున్నాను. ఎంత గొప్పదో మా పిన్ని అని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. నేనెంత తెలివితక్కువదాన్నో ఆ కన్నీళ్ళే సాక్ష్యం.

శనివారం సెలవు పెట్టి వెళ్ళాను. మీటింగు పాత ధాన్యం కొట్టులో. ఇప్పుడు గోడలన్నీ తెల్లగా వేసి బొమ్మలు తగిలించారు. పదిమంది బల్ల చుట్టూ కూర్చున్నారు, పిన్నికి గుమ్మం పక్కన ఒక ముక్కాలి పీట. అరచేతులకి గుడ్డ కట్టు. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. నేను చూడనట్టు నటించాను.

టోపీ సారు లేచి, ఊరికి పెద్దమ్మ చేసిన సేవ గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఇక ఆవిడ విశ్రాంతి తీసుకోవలసిన సమయం వచ్చిందన్నాడు. గొంతు కూడా బొంగురుపోయింది. అంత బాగా నటించడం నాకు చేతకాదు. లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. పిన్ని అక్కడ లేనేలేదని, కింద కట్టెలు చూసుకుంటోందని, చెయ్యి పెట్టింది నేనని, బస్సులో తలకాయలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టానని, ఇటుక లాగింది ఆయనని. ఆయనకి తెలిసి కూడా నోరు మెదపలేదని.

ఆయన మొహం మాడుతుందని చూశాను. మాడలేదు. నిజంగానే తేలికపడ్డట్టు కనిపించాడు.

"చాలా మంచి మాట చెప్పారు. పెద్దమ్మే ఒప్పుకున్నాక ఆవిణ్ణి కాదనడం ఎందుకని ఊరుకున్నాను. అయితే ఆవిడ తప్పేం లేదన్నమాట. హాయిగా పనిలో ఉండనిద్దాం." తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "కానీ ఇందులో మనకొక పాఠం ఉంది. ఇంత విలువైన బట్టీని ఒక మనిషి అరచేతికి వదిలేయడం ప్రమాదం. ఈరోజు ఆవిడ లేదు, ఇంకెవరో చెయ్యి పెట్టారు. లోపల ఒక థర్మామీటరు బిగిద్దాం. అంకె చూసి ఎవరైనా తెరవొచ్చు. పెద్దమ్మకీ శ్రమ తగ్గుతుంది."

పది చేతులూ లేచాయి. జాడీలామె కూడా ఎత్తింది, ఆమెని ఏమనగలం. పిన్నిని "మీకు సమ్మతమేనా పెద్దమ్మా" అని అడిగారు.

"నన్నెందుకు అడగడం" అని లేచి బయటికి వెళ్ళిపోయింది.

వీధిలో వెనకాలే పరిగెత్తి పట్టుకున్నాను. ఉద్యోగం నిలబెట్టానన్న సంతోషంలో ఉన్నాను. వెనక్కి తిరిగిన పిన్ని మొహం అలా ఉండడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. నా చిన్నప్పుడు నేను కట్టెల కొట్టు తగలబెట్టబోయిన రోజు కూడా అలా లేదు.

"ఎవరడిగారే నిన్ను?"

"నీ పని పోతోందని చెప్పాను. నా కోసం నువ్వెందుకు తప్పు మోయాలి?"

"నీ కోసమా? నీ కోసమని ఎవరన్నారు నీకు? మానిపిస్తే మానిపించేవాళ్ళు. ముసల్ది లెక్క తప్పింది అనేవాళ్ళు. ఆ తప్పడం కూడా నాదే అయ్యేది. ముప్పై నాలుగేళ్ళు ఆ తలుపు నా మాట లేకుండా తెరుచుకోలేదు. ఆఖరిసారి పగలడానికైనా నా మాట మీదే తెరుచుకుందని వాళ్ళు అనుకుంటున్నారు. అది చాలనుకున్నాను. నువ్వొచ్చి పదిమందిలో చెప్పావు, నేను అక్కడ లేకుండానే తెరుచుకుందని. ఎవత్తో కండక్టరు సరే అంటే తెరుచుకుందని."

నాకూ ఎక్కడలేని కోపం వచ్చింది. "అయితే ఈ అబద్ధం నేను బతికినన్నాళ్ళూ మోస్తూ తిరగాలా?"

"మోసేదానివి. నేను మోయలేదా కట్టెలు."

ఆ తర్వాత ఆవిడ ఒక్క విడత కూడా కాల్చలేదు. సంఘం వాళ్ళు రెండుసార్లు వచ్చి బతిమాలారు. మూడోసారి ఒక కాగితం పంపారు, గది ఖాళీ చేయమని, దాన్ని మ్యూజియం చేస్తామని. థర్మామీటరు బాగానే పనిచేస్తోంది. ప్రతి విడతనీ ఒక మొదటి ఆదివారం మూడింటికే తెరుస్తున్నారు, ఒక్క పాత్ర పగల్లేదట. జాడీలామె ప్రదర్శన కూడా జరిగింది, బాగా అయిందని విన్నాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో చూపించడానికి ఒక్క పగుళ్ళ కుండ కూడా మిగల్లేదు. నేను ఆ రూటు మార్పించుకున్నాను.

పిన్ని ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది, రెండు గదుల ఇంట్లో. మాట్లాడుతుంది, నవ్వుతుంది, నా వంటకి వంకలు పెడుతుంది. పాత్రలు పగలగొట్టినందుకు ఈ ఏడాదిన్నరలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆ శనివారం సంగతి నేను ఎత్తితే మాత్రం లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోతుంది.

మొన్న పక్కింట్లోకి కొత్తగా వచ్చినావిడ పలకరించడానికి వచ్చింది. గోడ మీద కళాకారుల ఊరి క్యాలెండరు చూసి, "ఎంత బాగుంటుందండీ ఆ ఊరు, పోయిన నెలే వెళ్ళొచ్చాం" అంది. పిన్ని అక్కడే ఉండేదని నేను నోరు జారాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, "అయ్యో, మీరు కూడా కళాకారులా? ఏం చేసేవారండీ?" అని అడిగింది.

"కూలికి కట్టెలు కొట్టేదాన్నమ్మా" అంది పిన్ని.

నాలిక చివరిదాకా వచ్చింది, అది కాదు, ఈవిడ ఎవరో తెలుసా మీకు అని. పిన్ని నా వైపు చూసింది. ఈసారి నోరు మూసుకుని, వచ్చినావిడకి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.